మూడు శుభలేఖలు, ఒక చిరునామా

ఆదివారం పది గంటల్లోగా కూతురి శుభలేఖ ప్రెస్సుకి ఇచ్చి రావాలని పార్సిలాఫీసు గుమాస్తా అనుకున్నాడు. పెళ్లి ముప్ఫై రోజుల్లో ఉంది. హాలు కుదిరింది. తేలనిది ఒక్కటే, పెద్దల పేర్లు ఏ వరసలో వేయాలన్నది. పాతవి చూసి రాసుకుందామని పెట్టె తెరిచి, అడుగున ఉన్న బిస్కెట్ల డబ్బా తీశాడు.

డబ్బాలో మూడు శుభలేఖలున్నాయి. తాతది, తండ్రిది, మేనత్తది. ఎవరో మూడింటినీ కలిపి గుండుసూది గుచ్చారు. ఆ సూది తుప్పు పట్టి, మూడింటికీ కింది మూల తినేసింది. తినగా మిగిలినచోట మూడింటి మీదా ఒకటే ఉంది: 22, గడియారం వీధి.

గుమాస్తా పెద్దల పేర్ల సంగతి మరిచిపోయాడు. ఆరేళ్లుగా అతను చార్టు కాగితం మీద వంశవృక్షం గీస్తున్నాడు. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో అన్నీ ఎక్కించాడు. 'పెళ్లి జరిగిన చోటు' అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. తండ్రిది బదిలీల ఉద్యోగం. గుమాస్తా పుట్టకముందే ఈ ఊరు వదిలేశాడు. గుమాస్తా తిరిగొచ్చింది తన ఉద్యోగం మీదే. శుభలేఖల్లో 'వివాహము మా స్వగృహమునందు జరుగును' అని ఉంది. ఆ గృహం ఏ వీధిలో ఉందో రాయలేదు. ఆ రోజుల్లో పిలవదగ్గ వాళ్లందరికీ ఇల్లు తెలుసు.

పార్సిలాఫీసులో ఇరవై ఏడేళ్లుగా అతనిది ఒకటే సూత్రం. మూట మీద ఒక్క చిరునామాయే ఉంటే, మూట చేరాల్సింది అక్కడికే.

"మూడు పెళ్లిళ్లూ ఒకే ఇంట్లో!" అన్నాడు.

మందుల షాపులో పనిచేసే కూతురు శుభలేఖలు తిప్పి తిప్పి చూసింది. "నా పెళ్లి కూడా అక్కడే అయితే ఎంత బావుంటుంది నాన్నా!" అంది. ఆ ఒక్క మాట చాలింది.

"ముందు మీ మేనత్తని అడగండి" అంది భార్య.

మేనత్త వేరే ఊళ్లో ఉంటుంది. ఎనభై రెండేళ్లు. ఫోన్లో ఆవిడకి ఒక్క ముక్క వినపడదు. గుమాస్తా గొంతు చించుకుని అడిగాడు. ఆవిడ, "పెళ్లికి వస్తాన్రా, నువ్వు బతిమాలక్కర్లేదు" అని పెట్టేసింది.

సోమవారం సెలవు పెట్టి గడియారం వీధికి వెళ్లాడు. ఇరవై రెండో నంబరు పరుపుల షాపు. కింద దుకాణం, లోపల పెద్ద హాలు, ఆరు స్తంభాలు. గుమాస్తా ఒక స్తంభాన్ని చేత్తో తడిమి కళ్లు తుడుచుకున్నాడు. తరవాత ఆ గోడ నుంచి ఈ గోడకి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు.

"డబుల్ కాటా, సింగిలా?" అని అడిగాడు యజమాని.

"పరుపు కాదండీ. ఇది మా తాతగారి ఇల్లు."

యజమాని చేతిలో టేపు జారి కింద పడింది. అతను ఆ భవనం కొని పదకొండేళ్లయింది. అమ్మినవాడు ఇచ్చిన కట్టలో రెండు పాత దస్తావేజులు లేవు. ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని పదకొండేళ్లుగా భయపడుతూనే ఉన్నాడు. వాడు ఇవాళ వచ్చి కొలతలు కూడా వేసుకుంటున్నాడు.

"కూర్చోండి సార్. మీ దగ్గర కాగితాలేమైనా...?"

"మూడున్నాయండీ. మా తాతది, నాన్నది, మేనత్తది. అన్నీ అచ్చు వేయించినవే."

యజమాని గొంతు తగ్గించాడు. "మీకేం కావాలో చెప్పండి."

"ఒక్కరోజు నాకు వదిలిపెడితే చాలు. మావాళ్లందరితో వస్తాను."

"కాదనడానికి నేనెవణ్ణి సార్" అన్నాడు యజమాని నీరసంగా.

ఎంత మంచివాడో అనుకుంటూ గుమాస్తా ఇంటికొచ్చాడు. వస్తూ దారిలోనే కుదిరిన హాలు వద్దని చెప్పేశాడు. సాయంత్రానికి ఆ హాలు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇక్కడ గుమాస్తా షాపు దాటగానే యజమాని లాయరు దగ్గరికి పరిగెత్తాడు.

పదో రోజున నోటీసు వచ్చింది. 'మా క్లయింటు స్వాధీనంలో ఉన్న భవనంలోకి మందీమార్బలంతో ప్రవేశిస్తామని మీరు బెదిరించినందున...' అన్నచోట గుమాస్తా చదవడం ఆపాడు. మిగతాది భార్య చదివింది.

"బెదిరించారా మీరు? బస్సులో సీటు అడగడానికే నోరు రాని మనిషి!"

"పెళ్లికొస్తామన్నానే, అంతే!"

"హాలు వదిలేశారు. ఇదేమో ఇలా వచ్చింది. ఊళ్లో ఒక్క హాలూ ఖాళీ లేదు. పిల్ల పెళ్లి ఈ చార్టు మీద చేస్తారా?"

కూతురు మూడు శుభలేఖల్నీ తీసి మళ్లీ డబ్బాలో పెట్టేసింది. గుమాస్తాకి అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ సాయంత్రమే కాబోయే వియ్యంకుడు వచ్చాడు. ఆ లాయరు దగ్గర రాతపని చేసేవాడు అతనికి తెలుసు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. "గడియారం వీధిలో బిల్డింగుందట, మాటవరసకైనా చెప్పలేదేం బావగారూ?"

"బిల్డింగు లేదు బావగారూ. కేసుంది."

"కేసుందంటే బిల్డింగున్నట్టే కదా" అని వియ్యంకుడు కాఫీ అడిగి మరీ తాగాడు.

ఆధారాలు చూపడానికి మూడో రోజు షాపులోనే కలవాలని లాయరు కబురు పెట్టాడు. గుమాస్తాకి ఉన్న సాక్షి ఒక్కతే. మేనత్తని రప్పించారు. బస్సు దిగిన మనిషిని దిగినట్టే షాపుకి తీసుకొచ్చారు. అక్కడ యజమాని, లాయరు, గుమాస్తా కుటుంబం ఎదురెదురుగా కూర్చున్నారు. వియ్యంకుడు మధ్యలో కూర్చున్నాడు. ఎటు వైపు కూర్చోవాలో ఇంకా తేల్చుకోలేదు.

లాయరు మేనత్త చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, మీ పెళ్లి ఈ భవనంలోనే జరిగిందా?"

మేనత్త కళ్లజోడు సవరించుకుని ఆరు స్తంభాలూ చూసింది.

"నా పెళ్లి ప్రెస్సులో ఎందుకు చేస్తారు నాయనా?"

"ప్రెస్సా?"

"ఆఁ. శుభలేఖలు అచ్చేసింది ఇక్కడే. మా నాన్నతో నేనూ వచ్చాను. ఆరని కాగితం మీద చెయ్యి పెట్టానని ఆ ప్రెస్సాయన నన్ను చెడామడా తిట్టాడు. మావాళ్లు అచ్చుపని ఏదైనా ఇక్కడికే తెచ్చేవాళ్లు."

గుమాస్తా శుభలేఖలు తీసి చూసుకున్నాడు. తుప్పు తినేసింది ప్రెస్సు పేరు. అది వదిలేసింది ప్రెస్సు చిరునామా.

"మరి మనిల్లు ఎక్కడత్తయ్యా?"

"మనకి ఇల్లెక్కడిదిరా? అద్దె కొంప. పెళ్లిళ్లన్నీ అందులోనే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఇప్పుడక్కడ బస్సులు ఆగుతాయి. ఇందాక నేను దిగింది మీ తాత పెళ్లాడినచోటే."

"స్వగృహం అని అచ్చేశారుగా!"

"అద్దె కొంప అని శుభలేఖ మీద వేయిస్తార్ట్రా ఎవరైనా?"

ముందు యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. ఎంత గట్టిగా పీల్చాడంటే లాయరు ఉలిక్కిపడ్డాడు. "అంటే ఇది మీ తాతది కాదు కదా? మీ నాన్నది? ఈ పెద్దావిడది?"

"ఎవరిదీ కాదండీ" అన్నాడు గుమాస్తా తలొంచుకుని. "నేను మిమ్మల్నడిగింది ఒక్కరోజే. మా అమ్మాయి పెళ్లికి. ఆ హాలూ వదులుకున్నాను."

"పెళ్లికా? ఆ ముక్క ఆ రోజే చెప్పొద్దూ?" యజమానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయ్యా, పన్నెండు రోజులుగా నాకు నిద్ర లేదు. ఇంతింత పరుపులు పెట్టుకుని! ఒక్కరోజేమిటి, రెండు రోజులు చేసుకోండి. పరుపులు పైకి ఎక్కించేస్తాను."

గుమాస్తా భార్య అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "బిల్డింగు పోతే పోయింది, కేసు కూడా పోయింది" అని వియ్యంకుడు కుర్చీ గుమాస్తా వైపు జరుపుకున్నాడు.

లాయరు మాత్రం లేవలేదు. "ఊరికే ఇవ్వకూడదు. ఈయన ఒక కాగితం రాసివ్వాలి. మా వంశంలో ఎవరి పెళ్లీ ఈ భవనంలో జరగలేదు, అని."

"ఈ అమ్మాయి పిల్లలు రేపు శుభలేఖ పట్టుకొస్తే?" అన్నాడు వియ్యంకుడు.

"అప్పటికి నేనుండనులెండి" అన్నాడు యజమాని సంతోషంగా.

గుమాస్తా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. మేనత్త సాక్షి సంతకం చేసింది.

ఆ కాగితంలోని మాట పదిహేడు రోజుల పాటు, అమ్మాయి పెళ్లయ్యేదాకా, నిజమే.