పది కిలోల పాలకూర

పార్సిల్ ఆఫీసులో తూకం వేసే ఉద్యోగం కాబట్టి వీధి వీధంతా ఆయన్ని తూకంగారు అంటుంది. ఆ ఉదయం ఆయన సెలవు పెట్టింది తీరిగ్గా పేపరు చదువుకోవడానికి కాదు. భార్యకు జ్వరం. ఇంట్లో వండి ఆఫీసులకు పంపే ఆవిడకు, ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన బ్యాంకు ఆర్డరు సరిగ్గా ఆరోజే. మధ్యాహ్నానికి నలభై మందికి సూప్ వెళ్ళాలి. నచ్చితే రోజూ ఆర్డరే, నచ్చకపోతే కథ మళ్ళీ మొదటికే.

"పాలకూర మనిషికో కప్పు చొప్పున నలభై కప్పులు తెప్పించండి. మిగతావన్నీ ఉన్నాయి. ఓ కునుకు తీసి లేస్తాను," అని ఆవిడ ముసుగుతన్నింది.

కూరగాయలతనికి కప్పులు చెబితే కుదరదు, కిలోలు కావాలి. తూకంగారికి అదెంత పని? ఒక పెట్టె తూచి మిగతావాటికి హెచ్చవేయడం ఆఫీసులో ఆయన పద్ధతి. కప్పు నిండా మంచినీళ్ళు పోసి ఇంట్లో కాటా మీద పెట్టాడు. పావుకిలో. నలభై కప్పులకు పది కిలోలు. ఫోను చేశాడు.

"పది కిలోలా? ఆవుల్నేమైనా కొన్నారా అండీ?"

"చెప్పింది పంపవయ్యా!"

బస్తాలు దిగాక వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. అనుమానమొచ్చి, కాస్త ఆకు తరిగి కప్పుకెత్తి తూచాడు. కాటా ముల్లు బద్ధకంగా ఓసారి కదిలి ఊరుకుంది. ఈ లెక్కన కిలో పైచిలుకు ఉంటే చాలు! జ్వరంతో ఉన్న మనిషి లేచి ఈ అడవిని చూస్తే తిట్టదు, ఊరికే అలా చూస్తుంది. ఆ చూపుకే ఆయనకు భయం.

కిలోన్నర అట్టేపెట్టుకుని, ఒక సంచి పట్టుకెళ్ళి కింది వాటా దర్జీకి ఇచ్చాడు.

"ఊరికే ఇస్తున్నారేంటి, పురుగు పట్టిందా?" అన్నాడు దర్జీ.

ఆ మాటకు రోషమొచ్చి తూకంగారు అక్కడే గుప్పెడు పచ్చి ఆకు కసకసా నమిలి చూపించాడు. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచి అది చూసింది.

"ఏం నాయనా, మోకాళ్ళ నొప్పులకా?"

నోరు నిండుగా ఉండటంతో ఆయన తలూపాడు. అంతే! తూకంగారు మోకాళ్ళ మందు పంచుతున్నాడన్న కబురు మేడ మీదికి పాకింది. గిన్నెలతో, సంచులతో జనం మెట్ల మీద బారులు తీరారు. కాసేపట్లో బస్తాలు దులిపేసినట్టు ఖాళీ అయ్యాయి.

హమ్మయ్య అనుకుని మిగిలిన ఆకును పెద్ద గిన్నెకెత్తి పొయ్యి మీద పెట్టాడు. మూత తీసి చూస్తే అంత ఆకూ గిన్నె అడుగున ముద్దయి కూర్చుంది. గట్టిగా కొలిస్తే ఐదారు కప్పులు. అప్పుడే వెనక నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఎంత తెప్పించారు?"

"ప... పది కిలోలు."

"బతికించారు! నేను కప్పుల లెక్క ఉడికాక చూస్తాను. ఆ సంగతి చెప్పనేలేదని నిద్రలో కూడా ఒకటే బెంగ. పది కిలోలైతే సరిగ్గా సరిపోతుంది. ఏదీ మిగతాది?"

"పంచేశాను."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "ఏడాది తిరిగానండీ," అంది, అంతే. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

"పిన్నిగారూ, ఆ ఆకు..."

"ఉడకబెట్టేశాను నాయనా! చల్లారితే మోకాళ్ళకు కట్టుకుందామని చూస్తున్నా."

దర్జీ ఇంట్లోనూ ఉడికిపోయింది. మేడ మీదా అంతే. మందన్నాక ఎవరాలస్యం చేస్తారు? ఆయన సిగ్గు విడిచి, అది మందు కాదని, బ్యాంకు సూప్‌కు కావాలని చెప్పేశాడు. పిన్నిగారు నవ్వుతూ తన గిన్నె తీసుకుని ముందు నడిచింది. వెనకే మూతలు పెట్టిన గిన్నెలన్నీ బయల్దేరాయి. కడిగి, తరిగి, ఉడికించిన ఆకు నలభై కప్పులు వంటింట్లోకి వచ్చిపడింది. సూప్ వేళకు వెళ్ళింది.

సాయంత్రం బ్యాంకు నుంచి ఫోను వచ్చింది, రేపట్నుంచి రోజూ పంపమని. ఆవిడ ఫోను పెట్టేసి మొగుడి వైపు మురిపెంగా చూసింది.

"అది సరే, సరిగ్గా పది కిలోలని మీకెలా తెలిసిందండీ?"

"అనుభవం," అన్నాడు తూకంగారు గంభీరంగా.

అది మంచినీళ్ళతో వచ్చిన అనుభవమని మాత్రం చెప్పలేదు.