రావల్కోల్‌లో అరలీటరు నీళ్లు

ఆ ఆదివారం అన్వేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే లేవాలి. రావల్కోల్‌లోని తమ ఖాళీ ప్లాటుకు వెళ్లి అరలీటరు నీళ్లు మరిగించాలి. తిరిగొచ్చి సుచిత్ర చౌరస్తాలో తమ శానిటరీ సామాన్ల దుకాణం తెరవాలి. నీళ్లు ఇంట్లో మరగవా అంటే, మరుగుతాయి. కానీ ఇంట్లో గాలి ఉండదు. గాలిలో పెట్టి మరిగిస్తే గానీ తాను కొన్న బుల్లి స్టవ్వు బండారం బయటపడదని అతని నమ్మకం.

వచ్చే శనివారం స్నేహితులు హిమాలయాలకు బయలుదేరుతున్నారు. వీపు మీద సంచీ, సంచీలోనే వంటిల్లు, కొండల్లో నడక. అన్వేష్ తన జీవితంలో ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు. పెళ్లిని కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాం, అతని భార్య అశ్రితకు చెప్పకండి.

ఆమె పడుతున్న బాధ ఆమెకు చాలు. బరువు తగ్గాలని అతను పాలగిన్నె పిడి కోసేశాడు, చెంచాల కాడలకు చిల్లులు పెట్టాడు. అడుగుభాగం వెడల్పుగా ఉన్న గిన్నె మంటను పక్కలకు పోనివ్వదని తెలిశాక పొడుగు గిన్నెలన్నీ అటకెక్కించాడు. పొయ్యి ఆర్పాక కూడా లోపల అన్నం ఉడకాలని గిన్నెకు ఒక తొడుగు కుట్టాడు. దానికి వాడింది తండ్రి కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టుకునే వెండిరంగు అట్ట. తండ్రి ఆ అట్టకోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"పోయిన ఐతారం బాల్కనీల నా మనీప్లాంటు కాలవెట్టినవ్. ఇగ ఈ ఇంట్ల అగ్గి ముట్టిస్తె నువ్వు కూడ బయటనే," అని అశ్రిత ముందే చెప్పింది. అందుకే రావల్కోల్.

తండ్రి ప్రతాప్ భూముల బేరాలు చేసే మనిషి. మేడ్చల్ చుట్టుపక్కల ఎవరి భూమి ఎవరికైనా అమ్మిపెట్టగలడు, కొడుకు పేరు మీద తాను కొన్న ఈ ప్లాటు తప్ప. చూడటానికి వచ్చినవాళ్లందరూ పక్క ప్లాటు బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయేవారు. "అది అమ్ముడువోయిన దినం నువ్వు యాడికన్న పో. అప్పటిదాంక దుకాణం ఇడిసిపెట్టుడు లేదు," అని ప్రతాప్ తేల్చేశాడు. అదృష్టం కొద్దీ ఆ ఆదివారమే దూలపల్లి నుంచి ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని ప్లాటు చూడటానికి వస్తున్నాడు. అలాంటి రోజున అదే ప్లాటులో మంట పెట్టడం ఎందుకని మీకు తట్టింది. అతనికి తట్టలేదు.

పొద్దున గాలి బాగా వీస్తోంది. ముఖానికి రుమాలు, నెత్తికి టోపీ బిగించి అన్వేష్ పని మొదలుపెట్టాడు. గాలి ఎటునుంచి వస్తోందో తెలియడానికి వేపపుల్లకు ఎర్రగుడ్డ పేలిక కట్టి పాతాడు. తెల్లటి ఇంధనపు బిళ్లలతో ఒకసారి, పిడికిలంత గ్యాసు డబ్బాతో ఒకసారి, నేల మీద ఒకసారి, గుంత తవ్వి ఒకసారి నీళ్లు మరిగించాడు. ప్రతిసారీ డబ్బాను చిన్న కాటాలో తూచాడు. గుంతలో పెట్టి, చుట్టూ రేకు నిలబెట్టి, డబ్బా వేడెక్కకుండా ఒకవైపు సందు వదిలి, మంట తగ్గించి, మూత వేస్తే గ్యాసు సగానికి సగం మిగిలింది. అతను ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు. ఆ సంతోషంలో ఒక గుడ్డు ఉడకబెట్టుకుని, నిమ్మకాయ పిండి చాయ్ చేసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాడు.

అప్పుడు ఫోను మోగింది.

"యాడున్నవ్‌రా?" అన్నాడు ప్రతాప్.

"దుకాణంలనే బాపు. ఇప్పుడే షట్టరు దీసిన."

"మంచిది. మేం మేడ్చల్ దాటినం. ప్లాటు సూసెటోళ్ల పెద్దమ్మ జల్దీ పోదామన్నది."

అన్వేష్ స్టవ్వునూ గిన్నెనూ సంచీలో కుక్కి, గుంతలను కాలితో పూడ్చి, బండిని వెనక బాట పట్టించాడు. చేతికి దొరికింది తీసుకెళ్లాడు, మిగిలింది మిగిలింది.

దూలపల్లి వెంకటనర్సయ్యకు ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే కంపెనీ ఉంది. కంపెనీ అతనిది, నిర్ణయాలు తల్లి లక్ష్మీకాంతమ్మవి. ఆమె కారు దిగి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

"ప్రతాపూ, గిదేంది?"

నేల మీద నల్లగా కాలిన గుండ్రాలు, చుట్టూ రాళ్లు. పక్కన పిండేసిన నిమ్మచెక్కలు, గుడ్డు పెంకులు, పచ్చటి మెతుకులు, కర్పూరంలా తెల్లటి బిళ్లముక్కలు. వీటన్నిటి మీదా ఎర్రగుడ్డ పేలిక తీరిగ్గా ఊగుతోంది.

ప్రతాప్ ఒక గుడ్డు పెంకును చెప్పుతో పక్కకు నెట్టాడు. "పోరగాళ్లు ఎవలో దావత్ జేసుకున్నట్టుంది పెద్దమ్మా."

"దావత్‌ల నిమ్మకాయ గోస్తరు, ఒప్పుకుంట. ఎర్రగుడ్డ గడ్తరా?" అని ఆమె వెనక్కి తిరిగింది. "ఎవలో ఏదో జేసిన్రు. ఈ జాగ మనకొద్దు. కారెక్కు నర్సయ్యా."

ప్రతాప్ కారు తలుపు పట్టుకుని బతిమాలుతుండగా పక్క చేనులోంచి చోటే మియా వచ్చాడు. ఆ చేనును ఏళ్ల తరబడి సాగుచేస్తున్నవాడు. సాయం చేద్దామనే మంచి ఉద్దేశంతో నోరు తెరిచాడు.

"పొద్దుగాల ఒకడొచ్చిండు పటేలా. మూతికి రుమాలున్నది, మొఖం కానరాలే. గుంత తవ్విండు, అండ్ల అగ్గి వెట్టిండు. బోర్ల పండుకొని అగ్గినే సూసిండు. మల్ల ఇంకో గుంత తవ్విండు. పోయేటప్పుడు అన్ని పూడ్చిండు."

"నువ్వు అడగలేదా ఎవడని?"

"ఎట్ల అడుగుత? వాడు ఒక్కడే నవ్వుకుంటుండె. సంచిలకెల్లి కాటా దీసి ఏదో తూచుకుంటుండె."

"కాటానా?" కారులో సగం ఎక్కిన వెంకటనర్సయ్య ఆగాడు. "ఏం కాటా?"

"బంగారం దుకాణంల ఉంటది జూడు, గసొంటిది."

గుంతలు తవ్వినవాడు, పూజ చేసినవాడు, బంగారం కాటాతో వచ్చినవాడు, నవ్వుకుంటూ పోయినవాడు. లంకెబిందెలు అనే మాట ఎవరూ పైకి అనలేదు గానీ ముగ్గురి మనసుల్లోనూ ఒకేసారి మెదిలింది. వెంకటనర్సయ్య కారులో పెట్టిన కాలు మెల్లగా బయటికి తీశాడు.

"అమ్మా, ఇంత దూరమొచ్చి నిమ్మకాయకు భయపడుడేంది. శాంతి జేపిచ్చుకుంటె అయిపాయె."

లక్ష్మీకాంతమ్మ చెప్పులు విడిచి నేల మీద నిలబడి చూసింది. "నేల మంచిదేరా. కాళ్లకు సల్లగున్నది."

"వద్దు పెద్దమ్మా," అన్నాడు ప్రతాప్. ఇంతసేపూ బతిమాలిన గొంతు ఇప్పుడు వేదాంతంలోకి దిగింది. "మంత్రాలు వెట్టిన జాగను మీకు అంటగట్టి నేను పాపం మూటగట్టుకుంటనా?"

"మాకేం ఫికర్ లేదు ప్రతాపూ."

"మీకు లేకపోవచ్చు. నాకున్నది."

మధ్యాహ్నం ప్రతాప్ దుకాణానికి వచ్చి షట్టరు సగం దించి, ప్లాటు ఇక అమ్మేది లేదని కొడుకు చెవిలో చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. అన్వేష్‌కు హిమాలయాలు కళ్లముందే కూలిపోయాయి. దాచి లాభం లేదనుకున్నాడు.

"బాపు, అది నేనే. నీళ్లు కాగవెట్టనీకె వోయిన."

"నువ్వు పొద్దుగాల దుకాణంల లేవా?"

"లేను. అబద్ధం జెప్పిన."

"మరి ఇప్పుడు నిజం జెప్తున్నవని ఎట్ల నమ్మాలె?"

అన్వేష్ సంచీ విప్పి స్టవ్వు, గిన్నె, రేకు, కాటా కౌంటరు మీద పరిచాడు. గ్యాసు డబ్బా తండ్రి చేతిలో పెట్టాడు. "ఇదొక్కటి ఒక మనిషికి రెండు వారాలొస్తది బాపు. గుంత, రేకు, మూత సక్కగుంటె చాలు."

ప్రతాప్ దాన్ని అరచేతిలో ఎగరేసి చూశాడు. "మన దుకాణంల నల్లా కూడ ఇంతకంటె బరువుంటది. ఇది రెండు దినాలు రాదు. అయినా, గ్యాసు మిగిలిచ్చెటందుకు సుచిత్ర సంది రావల్కోల్ దాంక బండి మీద వోయినవా? మరి పెట్రోలు ఎవడు వోసిండు?"

పెట్రోలు సంగతి దాటేసి అన్వేష్ సాక్ష్యం కోసం అశ్రితకు ఫోను చేశాడు. "నిజమే మామయ్యా, ఆయన గసొంటోడే," అంది ఆమె చాలా నిజాయితీగా. ప్రతాప్ తల ఊపాడు. "ఇద్దరు మంచిగ కూడవలుక్కున్నరు. కొండలకు పోవాలని లంకెబిందెల జాగ అమ్మిపిస్తరా నాతోని?"

అంతలో వెంకటనర్సయ్య ఫోను చేసి, ప్లాటు ఇస్తే ఏమడిగినా కాదననని అన్నాడు. దాంతో ప్రతాప్‌కు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ప్రహరీ కట్టేదాకా ప్లాటుకు కాపలా పెట్టాలి, బయటివాణ్ణి నమ్మడానికి లేదు. కొడుకు ముఖం చూశాక మాత్రం అతనికి జాలి కలిగింది. చెడ్డవాడేం కాదు.

"సరే బిడ్డా. నీ గుడారం వట్టుకొని ప్లాటు కావలికి పో. ఈ డబ్బతోనే వండుకో, ఇంకోటి కొనుడు లేదు. ఇది ఖతం గాంగనే వచ్చెయ్. ప్లాటు అమ్మినా అమ్మకున్నా నేనే నిన్ను రైలెక్కిస్త."

అన్వేష్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. తండ్రి లెక్కన డబ్బా రెండు రోజులు, రైలేమో శనివారం. మేడ్చల్ దాటి ప్లాటు దగ్గరికి చేరి గుడారం పాతాక గానీ తన సొంత లెక్క గుర్తుకు రాలేదు. రెండు వారాలు వస్తుందని పొద్దున్నే తూచి మరీ రుజువు చేసింది తనే. కొండలకు పోవాలంటే ఇప్పుడు ఆ రుజువును తనే చెడగొట్టుకోవాలి.

మొదట రేకు తీసేశాడు, మూత పక్కన పెట్టాడు, మంట పూర్తిగా పెంచాడు. ఎండుగడ్డి మోసుకుపోతున్న చోటే మియా అది చూసి పరుగున వచ్చాడు. "గాలికి మంటంత పోతాంది చిన్న పటేలా," అని తన దుప్పటి విప్పి తెరలా పట్టుకుని, నీళ్లు మరిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. అంత పెద్దమనిషిని పొమ్మనడం ఎలా? మర్నాటి నుంచి, చలిలో కాపలా ఉన్నాడు పాపమని ఆయన ఇంటినుంచే పొద్దున చాయ్ రావడం మొదలైంది. అశ్రిత టిఫిన్ డబ్బా పంపేది, అది కూడా వేడివేడిగా. ఇక గ్యాసు వెలిగించడానికి అన్వేష్‌కు సాకు దొరికేది కాదు.

డబ్బా మూతి తిప్పి గ్యాసు ఊరికే వదిలేద్దామని కూడా ఒకసారి కూర్చున్నాడు. సుయ్‌మనే చప్పుడు వినగానే పాలు నేలపాలు చేస్తున్నట్టు గుండె కలుక్కుమంది. వెంటనే కట్టేశాడు. ఇలాంటి పుట్టుక పుట్టినందుకు అతనికి తన మీద తనకే కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కానీ చెయ్యి రాలేదు. మళ్లీ నీళ్లు పెట్టినప్పుడు రేకు దానంతట అదే వచ్చి చుట్టూ నిలబడింది, అంటే అతనే పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ప్రతాప్ వచ్చాడు. సాయంత్రం రైలు. డబ్బాను చెవి దగ్గర ఊపి చూశాడు, లోపల గలగలమంది. నమ్మలేక ఒక చాయ్ పెట్టమన్నాడు. గుంతలో కూర్చున్న చిన్న మంట మీద నీళ్లు చకచకా మరుగుతుంటే వంగి చాలాసేపు చూశాడు.

"అంటే, ఆ దినం గీడికొచ్చింది నువ్వేనా?"

"మొదటి దినమే జెప్పిన గద బాపు."

"మరి లంకెబిందెలు?"

"లేవు."

ప్రతాప్ రాయి మీద కూలబడ్డాడు. ఈ వారం రోజుల్లో మనసులో అతను మూడంతస్తులు లేపాడు. అవి కూలడానికి కొంత సమయం పట్టింది. తర్వాత లేచి దుమ్ము దులుపుకుని వెంకటనర్సయ్యకు ఫోను చేశాడు. "అన్నా, నీ మొఖం జూసి ఒప్పుకుంటున్న. జల్దీ రా."

దూలపల్లి కారు చాలా త్వరగా వచ్చింది. ఉండబట్టలేక అన్వేష్ లక్ష్మీకాంతమ్మకు నిజం చెప్పేశాడు. ప్రతాప్ దగ్గడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం ఓపిగ్గా విని నవ్వింది.

"నీళ్లు కాగవెట్టనీకె ఇంత దూరమొస్తరా ఎవలన్న? మీ బాపు అమ్ముతాంటె నీకు మనసొప్పుతలేదు, తెలుస్తనే ఉన్నది." కొడుకు వైపు తిరిగి, "బయానా తీయి నర్సయ్యా. కాని ఇప్పుడు వర్జ్యమున్నది, అది వోనీ," అంది.

"మరి నేను వోత బాపు. రైలు బండి టైమైతాంది," అన్నాడు అన్వేష్.

"ప్లాటు నీ పేరు మీదనే ఉన్నది. నువ్వు వోతె కాయితం మీద సంతకమెవలు వెడ్తరు?" అన్నాడు ప్రతాప్. "ఇంత సేపున్నవ్, ఇంకింత సేపుండు. అందరికి చాయ్ వెట్టు."

అన్వేష్ చాయ్ పెట్టాడు. వర్జ్యం పోలేదు. మళ్లీ పెట్టాడు. చోటే మియా కూడా వచ్చి కూర్చున్నాడు. ఫోనులో స్నేహితులు ముందు ఎక్కడున్నావని అడిగారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత రైలు కూత వినిపించారు. అతను గ్లాసులు కడిగి, చెయ్యి తుడుచుకుని, చూపించినచోట సంతకం పెట్టాడు.

కారు వెళ్లిపోయాక ప్రతాప్ కొడుకు భుజం మీద చెయ్యేశాడు. "అమ్ముడువోయింది బిడ్డా. ఇగ నువ్వు యాడికన్న పో."

"బండి వోయింది బాపు."

ప్రతాప్‌కు నిజంగానే బాధ కలిగింది. నేల చూశాడు, ఆకాశం చూశాడు, చివరికి గుంతలోని స్టవ్వు చూశాడు. "అయినా, డబ్బ ఖతం గాంగనే పొమ్మన్న గద నేను," అన్నాడు మెల్లగా. "ఖతమైందా మరి?"

ఆ డబ్బా ఖాళీ అయినట్టు ఇంతవరకు మాకు కబురు లేదు.