ఒల్షెవ్‌స్కీ గారికి మౌన శ్రద్ధాంజలి

ఆ ఉదయం వితోల్ద్ గ్రెలా వేసుకున్న పథకం సాదాసీదాది. గడ్డం గీసుకోవాలి, ఆపిల్ కేకు పట్టుకుని ట్రాములో ఆసుపత్రికెళ్ళాలి, ప్రొఫెసర్ ఒల్షెవ్‌స్కీ చేత సంతకం పెట్టించుకోవాలి. పోలండులో రోబోల శాఖలో పాఠాలు చెప్పేవాడికి డాక్టరేట్ ఒక్కటే చాలదు. దాని మీది పెద్ద పట్టా కూడా ఉండాలి, లేకపోతే డిసెంబరుతో వితోల్ద్ ఉద్యోగం ఊడుతుంది. ఆ పట్టాకి ముసలాయన "అనుకూలం" అని సంతకం చెయ్యాలి. ముసలాయనకేమో గుండెజబ్బు.

ఆసుపత్రిలో మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది. పక్క మంచం మనిషి కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంటున్నాడు. వితోల్ద్ ఎవరినీ ఏమీ అడగలేదు. మెట్ల మీద కూలబడి భోరుమన్నాడు. అందులో ముప్పాతిక వంతు ఉద్యోగం కోసమే, దాచడమెందుకు!

కాలేజీకి ఫోన్ చేస్తే డీన్ ఆఫీసు గుమాస్తా హలీనా అరక్షణం ఏడ్చి వెంటనే తేరుకుంది.

"ఎల్లుండే సమాధుల పండుగ కదండీ డాక్టర్ గారూ, ఊరంతా పూలు కొనేది అప్పుడే! ఇప్పుడు చెప్పకపోతే ఊళ్ళో పూలచక్రం దొరికి చావదు!"

చక్రానికి చెప్పేసింది. వాచ్‌మన్ నల్లజెండా కట్టాడు. గేటుకి నల్ల అంచు ప్రకటన, ఫొటోకి నల్ల రిబ్బను వెలిశాయి. మధ్యాహ్నం సభలో డీన్, "గ్రెలా పట్టా చూడ్డానికి ఆయన బదులు సికోరా గారిని వేద్దాం" అన్నాడు. సికోరాకి వితోల్ద్ పేరెత్తితేనే ఒళ్ళుమంట.

"ముందు ఒక్క నిమిషం మౌనం," అన్నాడు డీన్.

అందరూ లేచి తలలు దించారు. వెనక గేటు దారిన ఆలస్యంగా వచ్చినాయన ఎవరో చేతికర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చి, టోపీ తీసి తనూ తల దించాడు.

"పాపం, ఎవరయ్యా పోయింది?" అని వితోల్ద్ చెవిలో అడిగాడు.

"ఒల్షెవ్‌స్కీ గారండీ," అన్నాడు వితోల్ద్ తలెత్తకుండానే.

"అదేమిటయ్యా, నిన్ననే ఇంటికి పంపేశారుగా నన్ను!"

హలీనా కెవ్వుమంది. ప్రొఫెసర్ గోడమీది తన ఫొటోని ఎగాదిగా చూశాడు.

"ఎవరిదీ నిర్వాకం?"

వేళ్ళన్నీ వితోల్ద్ వైపు తిరిగాయి.

"ఏమయ్యా, నీ పరిశోధన దేని మీద?"

"కబురు సరిగ్గా అందనప్పుడు రోబో ఏం చెయ్యాలన్నదాని మీదండీ."

"ఏం చెయ్యాలంటావు?"

"ఆగాలండీ. ఇంకోసారి కొలిచి చూసుకోవాలి."

"మరి నువ్వేం చేశావు?"

"పూలచక్రం చెప్పించానండీ."

ముసలాయన పడీపడీ నవ్వాడు. "నీ సిద్ధాంతం నిజమనడానికి ఇంతకంటే రుజువేం కావాలోయ్! ఇలా తే కాగితం. అనుకూలమే!"

వితోల్ద్ కాగితం, కలం అందించాడు. ప్రొఫెసర్ కుర్చీలో కూర్చుని కలం మూత తీశాడు. మళ్ళీ ఫొటో కేసి చూశాడు, మళ్ళీ నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది. తల వెనక్కి వాలింది. కలం నేలమీదికి దొర్లింది.

వితోల్ద్ ఈసారి తొందరపడలేదు. మణికట్టు పట్టి చూశాడు, మెడ తడిమాడు, గుండెకి చెవి ఆనించాడు. పరుగున వచ్చిన డాక్టరూ ప్రాణం పోయిందనే చెప్పాడు. కాగితం మీద సంతకం లేదు. అయినా వితోల్ద్‌కి కాగితం గుర్తే రాలేదు. తనని క్షమించి నవ్విన ఆ ముసలాయన కోసమే వెక్కివెక్కి ఏడ్చాడు.

ఎవరూ కూర్చోలేదు. హలీనా కళ్ళు తుడుచుకుని డీన్ దగ్గరికెళ్ళి మెల్లగా అడిగింది.

"మౌనం మళ్ళీ మొదట్నుంచాండీ, ఇందాక మిగిలిన సగం చాలా?"