నత్తగుల్లలో బుల్లెట్ గాయం

"బావా, ఈ గదిలో హత్య జరిగింది. నేను పుట్టిందే దీన్ని ఛేదించడానికి" అన్నాడు మా బావమరిది. వాడు పుట్టి ఇరవై తొమ్మిదేళ్లయింది, ఇంతవరకూ ఒక్క దొంగనూ పట్టలేదు. అందరూ వాణ్ణి భూతద్దం అంటారు.

అది మ్యూజియంలో మా ఆవిడ పనిచేసే గుల్లల గది. వాడు చూపించిన శవం గరాటు ఆకారంలో ఉండే రెండంగుళాల కోన్ నత్త గుల్ల, శిలాజమై లక్షల ఏళ్లయింది. దాని ఒంటికి ఒక పక్క గుండ్రటి చిల్లు ఉంది. ఇంకో నత్త తొలిచి లోపలిదాన్ని తినేసిన గుర్తు అదని మా ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అనుమానితుడు నత్త అని వాడు డైరీలో రాసుకున్నాడు.

ఆవిడ బాధ ఆవిడది. ఆ గుల్లా, పక్క ట్రేలోదీ రెండు వేరు జాతులని ఆరేళ్లుగా వాదిస్తోంది. మర్నాడు పదకొండింటికి ప్రొఫెసర్ గారొచ్చి తేలుస్తారు. కొన ఎత్తు, భుజం మీది బొడిపెలు, నోటి చీలిక వెడల్పు, అడుగున గీతలు అన్నీ కొలిచింది. తేడా ఆవిడ కంటికి తెలుస్తోంది గానీ కొలతకు అందడం లేదు. రంగులా, ఎప్పుడో వెలిసిపోయాయి. తేల్చలేకపోతే ఆరేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. ఆవిడ మొహం చూస్తే నాకు జాలేసింది.

మర్నాడు వెళ్లేసరికి ట్రేలు ఖాళీ. నిన్న సాయంత్రమే భూతద్దం రెండు గుల్లల్నీ బాత్రూం కడిగే బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాడట.

"సాక్ష్యం శుభ్రంగా ఉండాలక్కా" అన్నాడు.

మా ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను గుల్లల్ని తీసి తుడుస్తుండగానే ప్రొఫెసర్ గారు లోపలికొచ్చారు. వేళకు సరిగ్గా వచ్చినవాణ్ణి నమ్మకూడదని భూతద్దం సిద్ధాంతం. గుల్లల మీద ఆయన వేలిముద్రలు దొరుకుతాయేమోనని కర్టెన్లు లాగేసి, దొంగనోట్లు చూసే నీలం దీపం వెలిగించాడు.

వేలిముద్రలు కనబడలేదు. గుల్లలు మాత్రం వెలిగాయి. ఒకదాని నిండా చుక్కల వరసలు, రెండోదాని మీద మెలికల గీతలు. పోయిన రంగుల జాడ ఆ దీపం కింద పైకి తేలుతుందనీ, బ్లీచింగ్‌లో నానితే ఇంకా తేటపడుతుందనీ ప్రొఫెసర్ గారే వివరించారు.

"రెండూ వేరేనమ్మా. మీ కన్నే కరెక్టు" అన్నారు. తర్వాత, ఈ పద్ధతి ఎవరికి తట్టిందని అడిగారు.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"మా తమ్ముడికండీ" అంది. వాడి గురించి అంత గర్వంగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

వాడూ వినలేదు. అప్పటికే ప్రొఫెసర్ గారి బొటనవేలికి సిరా పూస్తున్నాడు.