జర్మనీ వేడినీళ్ళు

జర్మనీ దేశంలో జ్వరం తెచ్చుకుని, సూదీ సీసా ఏమీ లేకుండా కేవలం వేడినీళ్ళతో కోలుకుని, క్షేమంగా స్వదేశానికి చేరుకున్న శ్రీ శాలేమురాజుగారికి మొన్న వేసవిలో రేపల్లె పట్టణంలో పౌరసన్మానం జరిగింది. సభ జయప్రదమైంది. శాలువాలు చాలకపోతే, కప్పినవాటినే వెనకనుంచి తీసి మళ్ళీ ముందునుంచి కప్పారు. "మన రేపల్లె జ్వరం ఖండాంతరాలు దాటింది" అని అధ్యక్షులవారు సెలవిచ్చినప్పుడు ముందు వరసలో కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

శాలేమురాజుగారు మండల విద్యాశాఖాధికారిగా పదవీ విరమణ చేసినవారు, లూథరన్ సంఘంలో పెద్ద. సంఘాల మధ్య స్నేహం పెంచే కార్యక్రమం కింద ఆయనా, ఆయన భార్య దేవకుమారిగారూ జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో తొమ్మిది నెలలు కాపురముండి వచ్చారు. అక్కడ స్నేహం ఎంత పెరిగిందని మేమెవరం అడగలేదు. జ్వరం వచ్చిందన్నారు, సన్మానానికి మాకది చాలింది.

మా ఊరి వైద్య విధానం గురించి రెండు మాటలు మనవి చెయ్యాలి. రైలు పట్టాలు మా ఊరొచ్చి అయిపోతాయి. జ్వరాలు కూడా అంతే, కోటిబాబు మంచాల దగ్గరికొచ్చి అయిపోతాయి. కోటిబాబు ఒకప్పుడు మందుల షాపులో మాత్రలు అందించేవాడు. తర్వాత సొంతంగా రేకుల షెడ్డు వేసి, అందులో నవారు మంచాలు పరిచి, ఒక్కో మంచానికి పైన ఒక్కో సెలైన్ సీసా వేలాడగట్టాడు. తాను డాక్టరునని ఆయన బోర్డు పెట్టలేదు, ఆ గౌరవం ఊరే ఇచ్చింది. తెల్ల సీసా మామూలు జనానికి, పసుపురంగు సీసా పరువుగలవాళ్ళకు. మా ఊళ్ళో మంచాన పడ్డవాణ్ణి "ఎలా ఉంది?" అని ఎవరూ అడగరు. "ఎన్ని ఎక్కాయి?" అని అడుగుతారు.

ఇలాంటి ఊళ్ళో, కోటిబాబు షెడ్డుకి సరిగ్గా ఎదురుగా, జీవన్ కుమార్ అనే కుర్ర డాక్టరు క్లినిక్ పెట్టాడు. ఊరివాడే, సంఘంలో పిల్లవాడే, నిజంగానే డాక్టరు చదువు చదివాడు. చదివింది మర్చిపోలేకపోవడం ఒక్కటే అతని లోపం. జ్వరమని వెళితే నాడి చూసి, గొంతు చూసి, గుండె విని, "వైరల్ జ్వరమండి. నీళ్ళు బాగా తాగి పడుకోండి, మూడు రోజుల్లో పోతుంది. పోకపోతే మళ్ళీ రండి" అనేవాడు. రోగి కాసేపు తన చెయ్యి చూసుకుని, కాసేపు డాక్టరు చేతులు చూసి, "ఇంకేం లేదాండి?" అని అడిగి, లేదంటే లేచి రోడ్డు దాటేవాడు. మూడో రోజు జ్వరం తగ్గేది, పేరు కోటిబాబుకొచ్చేది. నిజంగా ప్రాణం మీదికొచ్చిన జ్వరాన్ని కనిపెట్టి జీవన్ ఎవరినైనా వెంటనే గుంటూరు పంపిస్తే, బతికొచ్చినవాడు "చేతగాక పంపేశాడండి" అని చెప్పేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఎవరు పుట్టించారో తెలియదు గానీ, మావాళ్ళే అయ్యుంటారు.

తెనాలి బళ్ళో పాఠాలు చెప్పే భార్య సుజన జీతం మీద జీవన్ ఇల్లు గడిచేది. ఆ వేసవి ముగిసేలోగా నలుగురు రోగులు నమ్మకంగా రావడం మొదలెట్టకపోతే క్లినిక్ మూసేస్తానని అతను ఆమెకు మాటిచ్చాడు. అందుకే శాలేమురాజుగారి సన్మానానికి భార్యాభర్తలిద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు. నీళ్ళతోనే జ్వరం తగ్గిందని ఆ పెద్దమనిషి తన నోటితో ఒక్క మాట చెబితే ఊరు మారుతుందని జీవన్ ఆశ. చదువుకున్నవాళ్ళకి ఇలాంటి ఆశలు సహజం.

శాలేమురాజుగారు మైకు సవరించుకున్నారు. "సోదర సోదరీమణులారా! ఆ సాయంత్రం నాకు నూట రెండు జ్వరం. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాలుగు గంటలు కూచోబెట్టారు. ఒక్కరూ నోరెత్తలేదు! అదీ క్రమశిక్షణంటే! అప్పుడొచ్చిందండీ డాక్టరమ్మగారు. గొంతు చూసింది, చెవి చూసింది. ఏమందనుకున్నారు? టీ తాగు, వేడినీళ్ళు తాగు, ఇంటికెళ్ళి పడుకో అంది. అంతే! సూది లేదు, సీసా లేదు, ఒక్క మాత్ర కూడా చేతిలో పెట్టలేదు. అదీ సైన్సంటే! అదే మన ఊళ్ళో అయితే?" అని ఆగి, సభ మొత్తాన్నీ జాలిగా చూశారు. సభ సిగ్గుతో తల దించుకుని, దించిన తల ఎత్తకుండానే చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కోటిబాబు కొట్టాడు.

ఆడవాళ్ళ వైపు కూర్చున్న దేవకుమారిగారు మాత్రం సుజన చెవిలో వేరే చరిత్ర చెబుతున్నారు. "నోరెత్తనిది ఎవరమ్మా? ఈయనే ఆస్పత్రంతా కేకలు. 'నేను ఎంఈఓ చేశాను, నన్నింతసేపు కూచోబెడతారా' అని. వాళ్ళకి ఎంఈఓ అంటే ఏంటో తెలిస్తేగా! చివరికి మెట్ల మీద కూచుని మన కోటిబాబుకి వీడియో కాల్ చేశారు, ఒక సీసా పంపించే మార్గం ఉందేమోనని."

ఊరి గౌరవం దృష్ట్యా సుజన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రేపల్లెలో సన్మానం జరిగింది కాబట్టి తెనాలివాళ్ళు ఊరుకోలేదు. తెనాలి సభలో శాలేమురాజుగారు ఆరు గంటలు కూర్చున్నారు, జ్వరం నూట మూడుకు పెరిగింది. బాపట్ల సభలో తెల్లవార్లూ కూర్చున్నారు, జ్వరం నూట నాలుగు, డాక్టరమ్మ గొంతు కూడా చూడకుండా గుమ్మంలోంచే టీ తాగమంది. ఇంకో సభ దొరికి ఉంటే ఆస్పత్రిదాకా వెళ్ళకుండానే నయమైపోయేది. కానీ బాపట్ల నిర్వాహకులు సభ అయ్యాక ఆయన్ని సూర్యలంక తీసుకెళ్ళి, చేపల వేపుడు పెట్టి, సముద్రపు గాలిలో చాలాసేపు నిలబెట్టి ఫొటోలు తీశారు. తిరుగుదారిలో చెరుకుపల్లి దాటేసరికి ఆయనకు వణుకు మొదలైంది. దేవకుమారిగారు కారుని తిన్నగా జీవన్ క్లినిక్ ముందు ఆపించారు.

జీవన్ ఆయన గొంతు చూశాడు, చెవి చూశాడు, గుండె విన్నాడు. "కంగారేం లేదండి బాబాయిగారూ. అచ్చం జర్మనీలో వచ్చిందే. టీ తాగండి, వేడినీళ్ళు తాగండి, ఇంటికెళ్ళి పడుకోండి."

"ఇంకా?"

"అంతేనండి."

"అంతేనా? ఒరే అబ్బాయ్, నేనెవర్ననుకుంటున్నావు?"

"మీరే చెప్పారు గదండీ సభలో, టీ తాగితే తగ్గిందని."

"అది జర్మనీ టీరా!"

"ఆ టీపొడి మన బజార్లో కొని నేను పట్టుకెళ్ళిందేనండీ" అన్నారు దేవకుమారిగారు.

శాలేమురాజుగారు ఆ మాట వినకుండానే రోడ్డు దాటారు. కోటిబాబు ఆయనకు రెండు పసుపు సీసాలు ఎక్కించి, చెరోవైపూ ఒక సూది పొడిచాడు. మూడో రోజుకి జ్వరం తగ్గింది. ఆదివారం ఆరాధనలో ఆయన లేచి దేవుడికీ కోటిబాబుకీ కృతజ్ఞతలు చెప్పుకున్నారు. మరి జర్మనీ మాటేమిటని టీ కొట్టు దగ్గర ఒకరు అడిగితే ఓపిగ్గా వివరించారు కూడా. "అక్కడి జ్వరానికి సంస్కారం ఉందయ్యా, చెబితే వింటుంది. మనది మొండిది. పొడిస్తే గాని పోదు."

మర్నాడు జీవన్ క్లినిక్‌కి తాళం వేసి, తెనాలిలో సుజన బడికి దగ్గరగా మేడమీద ఒక గది తీసుకుని అక్కడికి మారిపోయాడు. నాకైతే ఆ తాళం చూస్తే కడుపు మండింది. ఊరికి మాత్రం గర్వం పుట్టింది. డాక్టరు చదివినవాడు దుకాణం కట్టేస్తే వెళ్ళేది విదేశానికేనని మావాళ్ళ నమ్మకం. పాసింజరు రైలెక్కి తెనాలి వెళతాడని ఒక్కరికీ తోచలేదు. జర్మనీ వెళ్ళాడని ఊరే నిశ్చయించింది. "నేనే మాట్లాడి పంపించాను" అని శాలేమురాజుగారు బాధ్యత స్వీకరించారు. పంపించిన సంగతి కాలక్రమంలో ఆయనకే నిజమనిపించి, దగ్గు రాగానే చనువుగా ఫోన్ చేశారు.

"ఏం బాబూ, అక్కడ చలి ఎలా ఉంది?"

తెనాలి మేడమీద, రోహిణి కార్తె ఎండలో, కరెంటు పోయి విసనకర్రతో విసురుకుంటున్న జీవన్, "చలేం లేదండి" అన్నాడు.

"అప్పుడే అలవాటు పడ్డావన్నమాట! సరే గానీ, దగ్గు పట్టుకుందిరా."

"వేడినీళ్ళు తాగండి బాబాయిగారూ."

శాలేమురాజుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "గ్లాసు ఏదైనా పర్లేదా? భోజనానికి ముందా, తర్వాతా?" అని శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. తాగారు, తగ్గింది. ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఇక రేపల్లెలో వేడినీళ్ళ శకం మొదలైంది. జ్వరమొస్తే జీవన్‌కి ఫోను, జలుబు చేస్తే జీవన్‌కి ఫోను. నీళ్ళు తాగమంటే పొయ్యికి దండం పెట్టి కాచుకునేవారు. పడుకోమంటే చుట్టాలొచ్చినా లేచేవారు కాదు. "మాది జర్మనీ వైద్యమండి" అని చెప్పుకోవడానికి కొందరు జ్వరం రాకుండానే తాగారు. కోటిబాబు మంచాల మీద వాళ్ళావిడ వడియాలు ఎండబెట్టింది. ఒకరోజు కోటిబాబే చాటుగా ఫోన్ చేసి కడుపులో బాగోలేదన్నాడు. మీ దగ్గర సీసాలున్నాయి కదండీ అని జీవన్ అంటే, "అబ్బే, నాకు సీసాలు పడవండి" అన్నాడు.

"నిజం చెప్పెయ్యరాదూ?" అంది సుజన.

"నిజమే చెబుతున్నాగా. నీళ్ళు తాగమనడం కంటే నిజమేముంది?"

"ఎక్కడున్నారో చెప్పండి."

"ఎవరూ అడగట్లేదు" అన్నాడు జీవన్. అతని గొంతులో ఆ మధ్య లేని సంతోషం వినిపించి ఆమె మరి రెట్టించలేదు. జనం కోలుకుంటున్నారు, అతను చదివిన చదువు మొదటిసారి పనికొస్తోంది.

జ్వరం నుంచి కొత్తగా కోలుకున్న వెంకటరత్నమ్మగారు బట్టల కోసం తెనాలి వెళ్ళడంతో ఆ సంతోషం ముగిసింది. కూరగాయల బజారులో చేతిలో గోనెసంచితో బీరకాయలు బేరమాడుతున్న జీవన్‌ని ఆవిడ చూశారు. చూసి అక్కడే కూలబడ్డారు. తగ్గిపోయి పదిరోజులైన జ్వరం ఆవిడకు అక్కడికక్కడే తిరగబెట్టింది.

ఊరు భగ్గుమంది. అత్యవసర సమావేశం జరిగింది. "తెనాలిలో ఉండి వేడినీళ్ళు తాగమంటాడా! ఆ మాట మా ఆవిడా చెబుతుంది!" అని ఒకాయన ఆక్రోశించాడు. సీతారామాంజనేయులుగారనే వకీలు లేచి, తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు కనుక సాంకేతికంగా అది విదేశీ వైద్యమేనని వాదించారు. పారిస్ ఫ్రాన్సులో ఉందనీ, మనం నమ్మింది జర్మనీననీ అధ్యక్షులవారు ఆ వాదన తోసిపుచ్చారు. అనంతరం ఏకగ్రీవంగా తీర్మానించిందేమంటే: సదరు జీవన్ కుమార్ మాట విని తాగిన నీళ్ళన్నీ మోసపూరితమైనవి. వాటివల్ల తగ్గిన జ్వరాలు చెల్లవు. బాధితులందరూ తక్షణం సీసాలు ఎక్కించుకుని సక్రమంగా కోలుకోవలెను.

అలాగే కోలుకున్నారు. కోటిబాబు షెడ్డు చాలక బయట చాపలు పరిచారు. అంత జనానికి ఒక్క కోటిబాబు సరిపోడని తేలాక, పెద్దలు కొందరు శాలేమురాజుగారి నాయకత్వంలో తెనాలి వెళ్ళారు.

"మమ్మల్ని బాగుచేసి మోసం చేశావు. అయినా మన పిల్లవాడివి, క్షమించాం" అన్నారు శాలేమురాజుగారు. "వచ్చి పద్ధతిగా వైద్యం చేసుకో. సీసాలు పెట్టు. ఊరు నిన్ను కడుపులో పెట్టుకుంటుంది. లేదంటావా, నువ్వు చేసిన మోసం పైవాళ్ళకి రాస్తాం."

జీవన్ సీసాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

క్లినిక్ తిరిగి తెరిచిన రోజు ప్రార్థన జరిగింది, రిబ్బను శాలేమురాజుగారే కత్తిరించారు. "ఈరోజు మన జీవన్ డాక్టరయ్యాడు" అని ప్రకటించి, ఏ జబ్బూ లేకపోయినా మొదటి మంచం మీద తానే పడుకుని చెయ్యి చాపారు. బయట వరండా కిటకిటలాడింది. సుజన ఆ రోజు రేపల్లె రాలేదు.

కొన్నాళ్ళకి దేవకుమారిగారికి జ్వరమొచ్చింది. రెండో రోజు ఒక్కరే నడుచుకుంటూ జీవన్ దగ్గరికొచ్చారు. వరండాలో కూర్చున్నవాళ్ళందరూ లోపలికి తొంగిచూస్తున్నారు. జీవన్ గొంతు చూశాడు, చెవి చూశాడు, గుండె విన్నాడు.

"నాకు తెలుసు బాబూ ఇదేంటో. నీళ్ళు తాగి పడుకోమని నీ నోటితో ఒక్క మాట చెప్పు, చాలు. వెళ్ళిపోతాను."

జీవన్ ఆమె వైపు చూశాడు. కిటికీలోంచి చూస్తున్న ముఖాల వైపు చూశాడు.

"ముందొక సీసా ఎక్కిద్దాం పిన్నిగారూ."

దేవకుమారిగారు లేచి, జనం మధ్యలోంచి దారి చేసుకుని ఇంటికెళ్ళి, నీళ్ళు కాచుకు తాగి పడుకున్నారు. రెండు రోజులకి లేచి తిరుగుతున్నారు, జ్వరం లేదు. ఇప్పుడు రేపల్లె అంతా ఆవిడ గురించే బాధపడుతోంది. అంత పెద్దమనిషి భార్య అయ్యుండి, జర్మనీదాకా వెళ్ళొచ్చి కూడా, పాపం ఒక్క సీసాకి నోచుకోలేదని.