కాళ్ళకెక్కిన చరిత్ర

రెండో శనివారం ఆఫీసుకు సెలవు కాబట్టి, మధ్యాహ్నం భోజనంలోగా ఫ్రెంచి విప్లవాన్ని ముగించేయాలని దానయ్య పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అది అరవై ఏడో సంవత్సరం. తార్నాకలో కాపురం, గుమాస్తా ఉద్యోగం, నలభై ఒక్కేళ్ళ వయసు, సాయంకాలం కాలేజీలో బి.ఏ. చదువు. చరిత్ర పేపరు ఇప్పటికి రెండుసార్లు తన్నేసింది. మూడోసారీ పోతే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్ళు చెప్పేశారు.

పాపం, ఆయన చదవని పద్ధతి లేదు. తెల్లవారుజామున లేచి చదివితే నిద్ర ముంచుకొచ్చింది. నోట్సు మూడుసార్లు రాస్తే దస్తూరీ బాగుపడింది, అంతే.

"నాకు బుర్ర లేదు రాహేలూ" అన్నాడు భార్యతో.

"బుర్ర లేకేంది? పోయినేడు మీ ఆఫీసుల ఎవరు ఎవర్ని ఏమన్నరో పొల్లుపోకుండ చెప్తవ్. అదీ కూసొని కాదు, ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుక్కుంట! పాఠం గూడ గట్లనే చెప్పుకోరాదు? రాజును మీ పెద్దసారు అనుకో. కానీ గీడ తిరగకు, నేల కడుగుతున్న."

దానయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ తన బుర్రకు దారెటో తనకు తెలియలేదు, కట్టుకున్నదానికి తెలిసింది! సంతోషం పట్టలేక చొక్కా తొడుక్కుని యూనివర్సిటీ రోడ్డెక్కాడు.

"పెద్దసారు వేటకు పోయిండు! ఆయన పెండ్లానికి నగల మీద నగలు! జనానికి తిననీకె రొట్టె లేదు!" అంటూ, కళ్ళు సగం మూసుకుని, చేతులు ఊపుకుంటూ అడిక్‌మెట్ వైపు నడిచాడు. చెబుతున్నకొద్దీ పాఠం కళ్ళ ముందే జరుగుతున్నట్టుంది.

ఆ దారిలోనే ఒక హాస్టలుంది. వారం రోజులుగా అక్కడి మెస్సులో రొట్టెలు పల్చబడిపోతున్నాయి. అప్పుడే అక్కడ తిని బయటికొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు టక్కున ఆగిపోయారు.

"అరే భాయ్, మన వార్డెను ముచ్చటే చెప్తుండు!"

"ఎవరో లీడరు లెక్కున్నడు. పా, ఎనకబోదం!"

ఇద్దరు పదిమందయ్యారు, పదిమంది నలభై అయ్యారు. వెనక అడుగుల చప్పుడు దానయ్యకు వినబడకపోలేదు. లైబ్రరీకి పోయేవాళ్ళనుకున్నాడు మహానుభావుడు.

"జనం ఊకుంటరా? లేచిండ్రు! కోట కాడికి పోయి తలుపులు పగలగొట్టిండ్రు!"

"పదండ్రి!" అని నలభై గొంతులు అరిచాయి. దానయ్య కళ్ళు పూర్తిగా తెరిచేసరికి ఎవరి భుజాల మీదో ఉన్నాడు, ఎదురుగా వార్డెను గది తలుపులు దబదబా మోగుతున్నాయి.

తలుపు తీసిన మనిషిని చూసి "ఓ ప్రభువా!" అన్నాడు. వార్డెను చెన్నకేశవులు మరెవరో కాదు, సాయంకాలం కాలేజీలో ఆయనకు చరిత్ర చెప్పే సారే. సంతకం కావలసిన దానయ్య హాల్ టికెట్ ఆ క్షణాన ఆయన బల్ల మీదే ఉంది.

"నువ్వా దానయ్యా! పరీక్ష తప్పి లీడరైనావా? ఎవరప్పా ఆ పెద్దసారు? నేనేనా? హాల్ టికెట్ చించి పారేస్తా!"

"అయ్యో, మీరు కాదు సార్! పదహారో లూయీ!"

"అట్లనా? అయితే కూర్చో. విప్లవానికి కారణాలు చెప్పు."

దానయ్య కూర్చున్నాడు. ఒక్క కారణమూ బయటికి రాలేదు. సారు చెయ్యి హాల్ టికెట్ మీదికి పోయింది. దానయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

"సార్, మీ కాళ్ళు మొక్కుత, జర నడుసుకుంట చెప్పనీయుండ్రి!"

లేచి రెండడుగులు వేశాడో లేదో, గండి పడ్డట్టు వచ్చేసింది. పన్నులు, ఖాళీ ఖజానా, తారీఖులతో సహా! కిటికీల దగ్గర నలభైమంది గుటకలు మింగుతూ విన్నారు. రాజు తల తెగినప్పుడు ఎవరో "అరెరే" అన్నారు.

"ఇరవై ఏండ్లుగా ఇదే పాఠం చెప్తాండా. నా క్లాసులో ఒక్కడూ ఇట్లా విన్లేదు కదప్పా" అంటూ చెన్నకేశవులు సంతకం చేశాడు. రాజు గతి అప్పుడే విని ఉన్నాడు కాబట్టి, రొట్టెలు మందంగా చేయమని మెస్సుకు కబురూ పంపాడు.

"రేపు నెపోలియన్ చెప్తరా అన్నా?" అని కుర్రాళ్ళు దానయ్యను చుట్టుముట్టారు.

పరీక్ష హాల్లో తిరగనివ్వరు కాబట్టి దానయ్య బల్ల కింద కాళ్ళు ఆడించుకుంటూ రాశాడు. సెకండ్ క్లాసు వచ్చింది. ఎం.ఏ. రెండేళ్ళని తెలుసుకుని రాహేలు ముందుగా రెండు జతల చెప్పులు కొని పెట్టింది.