రాజారాం గారి ఎడమ కాలు

బోధన్ చెరకు రైతుల పోరాట సమితి అధ్యక్షులు రాజారాం గారి ఎడమ కాలి నరాలు ఇకమీదట ప్రజల సందర్శనకు లభించవని సమితి విచారంతో ప్రకటించింది.

ఆ కాలు సామాన్యమైనది కాదు. మూతపడ్డ చక్కెర మిల్లు తెరిపించాలని కందకుర్తి నుంచి కలెక్టరేటు దాకా చేసిన పాదయాత్రలో ఆ నరాలు ఉబ్బాయి. ఆ సంగతి ఆయనే చెప్పారు. ఊరి పొలిమేర దాటగానే ఆయన జీపెక్కిన మాట నిజమే గానీ, కాళ్లు కూడా ఆయన వెంటే జీపులో ఉన్నాయి కదా. ఆనాటి నుంచి ప్రతి సభలో ఉపన్యాసం చివర పంచె మోకాలి దాకా ఎత్తేవారు. మిల్లు గేటు లేవలేదు, పంచె మాత్రం లేచింది. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని మరీ ఆ నరాలు చూపించేవారు.

చిక్కల్లా ఒకటే. త్యాగం నొప్పి పెట్టడం మొదలుపెట్టింది.

భార్య గంగుబాయిని వెంటబెట్టుకుని జిల్లా కేంద్రంలోని కంఠేశ్వర్‌లో డాక్టర్ నిఖిత దగ్గరకు వెళ్లారు. ఇంజెక్షన్ ఇస్తే ఉబ్బిన నరం మూసుకుపోతుందని, రక్తం మంచి నరాల్లోకి మళ్లుతుందని, తర్వాత బిగుతు మేజోళ్లు తొడుక్కుని రోజూ నడవాలని ఆమె చెప్పింది. నడవాలన్న మాట దగ్గర ఆయన ముఖం చిన్నబోయింది.

"ఎలక్షన్ల దాక నొప్పి తీసేసి నరం ఉంచరాదు, డాక్టరమ్మా?"

"రెండూ ఒక్కచోటే ఉన్నాయండి."

నొప్పి గెలిచింది. సూది పడింది. డాక్టర్ చూపు గంగుబాయి పాదాల మీద పడింది. "అమ్మా, ఆయనకన్నా ముందు మీకు చేయాలి."

"ఈన పోరాటానికి చాయ్‌లు కాసుకుంట పొయ్యికాడ నిలవడ్డ కాళ్లు, బిడ్డా. ఇవి ఎవలు సూస్తరు?"

వచ్చేసారి చేయిద్దామని రాజారాం గారు పెద్దమనసుతో సెలవిచ్చారు.

కొన్ని వారాలకు బోధన్‌లో సభ. మున్సిపాలిటీ టికెట్ ఎవరికో ఆరోజే తేలుతుంది. పార్టీ పరిశీలకుడు వేదిక మీదే ఉన్నాడు. జీవితమంతా ఎదురుచూసిన టికెట్ అది. ఉపన్యాసం ముగిసింది.

"కాలు సూపియ్యి, రాజన్నా," అన్నారు జనం.

చూపారు. అరటిబోదెలా నున్నగా ఉంది.

"గీ కాలు ఎవలిది?" ముందు వరుసలోని హుసేన్ బీ అడిగింది. "మన పోరాటం కాలు ఏమైంది?"

"అమ్ముకున్నడు," అన్నారు వెనకనుంచి ఎవరో.

పరిశీలకుడు కలం మూత పెట్టాడు. రాజారాం గారు చుట్టూ చూశారు. అంతలో, పందిరి మూలన చాయ్ పోస్తున్న భార్య కనిపించింది. ఆయన కంటికి ఆమె అంత అందంగా ఎన్నడూ కనిపించలేదు. చేయి పట్టుకుని వేదికెక్కించారు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి అనమన్నారు.

మడమల చుట్టూ సాలెగూళ్లు. పైన తాళ్లలా మెలిపడ్డ నరాలు. ఒకచోట చర్మం నల్లబడి పుండు పడబోతోంది.

"మా ఇంటి పోరాటం ఏడికి పోలే," అన్నారు రాజారాం గారు గద్గద స్వరంతో.

పందిరి దద్దరిల్లింది. టికెట్ గంగుబాయికి ఖరారైంది. ఎన్నికలు ముగిసేదాకా ఆమెకు ఇంజెక్షన్ వేయించరాదని సమితి అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించింది. మైకు ఆమె చేతికిచ్చారు.

"కాళ్లు గుంజుతున్నయి," అంది గంగుబాయి. "జెర కూసుంట. ఎవలన్న ఒక కుర్చీ ఇయ్యున్రి."

ఎంత సాదాసీదా మనిషి అని జనం మురిసిపోయారు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అన్ని కుర్చీలూ ఖాళీ అయ్యాయి. ఒక్కటీ వేదిక మీదికి రాలేదు.